టెన్షన్ పోయింది

తెలుగులో 'పోవు' అనే క్రియ మీద నాకు కోపం. కొత్తకోటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి తెలుగు చెప్పినదాన్ని, ఒక క్రియ మీద ఇంత పగ పెట్టుకోవడం బాగుండదని తెలుసు. అయినా పెట్టుకున్నాను. జ్వరం పోయిందంటే సంతోషిస్తాం. కరెంటు పోయిందంటే తిట్టుకుంటాం. తలనొప్పి పోతే మనిషి లేచి కూర్చుంటాడు, ఉద్యోగం పోతే కూలబడతాడు. అన్నింటికీ అదే మాట. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలని పిల్లలకు చెప్పేదాన్ని, చేసుకోని వాళ్లకు మార్కులు కూడా కోసేదాన్ని. ఆ సందర్భమేదో మా ఇంట్లో మాకే అందలేదు.

మా ఇల్లంటే మా ఆయనా నేనూ. పిల్లలు లేరు. ఆయనకు సొంత కారు ఉండేది. మాకంటే ముందు చాలామంది చేతులు మారి వచ్చిన పాత పెట్రోలు బండి. దాన్ని కిరాయికి నడిపేవాడు. పెళ్లిళ్ల కాలంలో నారాయణపేట నుంచి చీరల మూటలు తెచ్చి దుకాణాల్లో దించేవాడు, మిగతా రోజుల్లో మనుషులను. చీరల మూటలే నయమనేవాడు, అవి కిటికీ తియ్యి, పాట మార్చు అని అడగవట. మనిషి సరదాగా మాట్లాడేవాడు, కానీ పట్టిన పట్టు విడిచే రకం కాదు. నేనూ తక్కువదాన్ని కాదు. మా ఇద్దరి మాటలు విని పక్కింటివాళ్లు మేం రోజూ కొట్లాడుకుంటున్నామనుకునేవారు. సగం రోజులు వాళ్ల అనుమానం నిజమే.

ఆయనకు కిడ్నీలు పనిచేయడం మానేశాక కిరాయిలు ఆగిపోయాయి. వారానికి రెండుసార్లు పాలమూరు దవాఖానకు పోయి రక్తం కడిగించుకోవాలి. మహబూబ్‌నగర్‌ను మేం పాలమూరు అనే అంటాం. మానేస్తే ఏమవుతుందని ఆయన మొదటిరోజే డాక్టరమ్మను అడిగాడు. మానేస్తే వారం రెండు వారాలకంటే ఎక్కువ చెప్పలేనని ఆమె దాపరికం లేకుండా చెప్పింది. బయటికి వచ్చాక ఆయన "మంచిగ చెప్పింది, నాన్చలే" అన్నాడు. నాకు ఆవిడ మీద ఒళ్లు మండింది.

పోయేటప్పుడు బండి ఆయన నడిపేవాడు. వచ్చేటప్పుడు నేను. రక్తం కడిగాక మనిషికి నిలబడే ఓపిక కూడా ఉండదు, ఇంక స్టీరింగు పట్టేదెక్కడ. అందుకని ఆ వయసులో నేను డ్రైవింగు నేర్చుకున్నాను. మా బడి మైదానంలో, ఆదివారాలు, ఆయన పక్కన కూర్చుని తిడుతుంటే. క్లచ్చు మీద నుంచి కాలు తియ్యి, అది పీట కాదు అనేవాడు. ఇంత చదివిన దానివి గేర్లు గుర్తుండవా అనేవాడు. ఒకసారి బండి మధ్యలో ఆపి, దిగి, ఇంటికి నడిచి వచ్చేశాను. ఆయన వెనకాలే బండి తోలుకుంటూ, హారన్ కొట్టుకుంటూ, ఊరంతా చూస్తుండగా ఇంటిదాకా వచ్చాడు. అట్లాగే నేర్చుకున్నాను. తిరుగు ప్రయాణంలో ఆయన వెనక సీట్లో కళ్లు మూసుకుని పడుకుంటే, హైవే మీద లారీల మధ్య నుంచి ఆయనను నేను ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఆ రోజుల్లో నా మీద నాకు గౌరవం తెచ్చిన పని అదొక్కటే.

ఎండాకాలం మొదలయ్యే ముందు బండిలో ఒక చప్పుడు మొదలైంది. పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజను ముందు వైపు నుంచి, రేకు డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు గలగలమనేది. కాసేపటికి దానంతటదే ఆగిపోయేది. ఇక ఆ రోజంతా బండి నిమ్మళంగా నడిచేది. ఆగిపోయింది కదా అని నేను, మళ్లీ వస్తుంది చూడు అని ఆయన. మరుసటి పొద్దున ఆయనే గెలిచేవాడు. చివరికి ఒక పొద్దున ఆ చప్పుడును ఫోన్లో రికార్డు చేసి మెకానిక్కుకు పంపాడు.

మెకానిక్కు ఆయనకు పాత దోస్తు. హైవే పక్కన రేకుల షెడ్డు. ఆయన 'భాయ్' అనేవాడు కాబట్టి నేనూ అదే అనేదాన్ని. అతను నన్ను వదినా అనేవాడు. పని తెలిసిన మనిషే, కాకపోతే మాట పొదుపు. ఒక వాక్యంలో సగం చెప్పి, మిగతా సగం మనకు తెలుసనుకుంటాడు. మా పిల్లలు ఇట్లాంటి జవాబు రాస్తే 'అసంపూర్ణం' అని ఎర్ర సిరాతో రాసేదాన్ని.

ఆ పొద్దునే అతని ఫోన్ వచ్చింది. మేం దవాఖానకు తయారవుతున్నాం. ఆయన ఫోన్ స్పీకర్లో పెట్టాడు, కాబట్టి నేనూ విన్నాను. వెనక లారీల హోరు.

"గా చప్పుడు ఇన్న అన్నా. ఇంజన్ల ఇంకేం లేదు. టెన్షన్ పోయింది, గంతే. సాయంత్రం కలుస్త."

ఫోన్ పెట్టేశాడు. మా ఆయన నా వైపు తిరిగి నవ్వాడు. "ఇన్నవా? టెన్షన్ పోయిందంట. ఇగ నీ మొఖంల ఉన్న టెన్షన్ గూడ తీసెయ్యి."

నేను కూడా నవ్వాను. ఇంజన్లో ఏం లేదన్నాడు. టెన్షన్ పోయిందన్నాడు. గంతే అన్నాడు. ఇంతకంటే చల్లని కబురు ఏముంటుంది. నిజానికి అతను చెప్పింది వేరు. ఇంజన్లో టైమింగ్ చైను అని ఒక గొలుసు ఉంటుంది. అది వదులు కాకుండా ఒత్తి పట్టుకునే చిన్న ముక్క పేరు టెన్షనర్. ఇంజను నూనె ఒత్తిడికి దానిలోని కడ్డీ ముందుకు జరిగి గొలుసును బిగువుగా ఉంచుతుంది. అది అరిగిపోతే, పొద్దున నూనె పైకి ఎక్కేదాకా గొలుసు వదులుగా కొట్టుకుంటుంది. ఆ గలగల అదే. మా దిక్కు మెకానిక్కులు ఆ పేరు పూర్తిగా పలకరు. టెన్షన్ అంటారు, ఆ షెడ్డు మాట ఎన్నేళ్లు బండి తోలినా మా ఆయనకూ తెలియదు. టెన్షన్ పోయిందంటే ఆ ముక్క చచ్చిందని, బండి కదిలించొద్దని. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. చాలా సంగతులు నాకు తర్వాతే తెలుస్తాయి.

బయల్దేరాం. అడ్డాకుల దాటాక ఆయనకు వికారమొచ్చింది. బండి పక్కకు తీసి ఆపాడు. దిగి కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి నోరు పుక్కిలించి ఉమ్మేశాడు. నేను నడుపుతానంటే వద్దన్నాడు, టెన్షన్ లేని బండి గదా, నేనే తోల్త అన్నాడు. ఎక్కి తాళం తిప్పాడు.

గలగల మొదలైంది. ఈసారి ఆగలేదు. లోపల ఏదో గట్టిగా తగిలిన చప్పుడు వచ్చి, ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. మళ్లీ తాళం తిప్పితే లోపల ఏ బరువూ లేనట్టు గిరగిరా ఉత్తగా తిరిగింది. ఎన్నో బండ్లు చూసిన మనిషి, ఆ తిరుగుడు వినగానే ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఏమైందని నేను రెట్టించి అడిగాను. "సచ్చింది" అన్నాడు. ఆ మాటకు రెండో అర్థం లేదు.

ఆ రోజు ఒక ఆటోవాడిని బతిమాలి దవాఖానకు చేరేసరికి ఆలస్యమైంది. మిగిలిన కాసేపే రక్తం కడిగారు. సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చాం. భాయ్ బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాడు. రెండు రోజుల తర్వాత ఇంజను మూత విప్పితే, గొలుసు పళ్ల చక్రం మీద నుంచి ఎగిరిపోయి, లోపలి వాల్వులు వంగిపోయి ఉన్నాయి. చిన్న ముక్క మార్చుకుంటే సరిపోయే బండికి పెద్దపని పడింది. అతను వాల్వు చేతిలో పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. నేను ఊరుకోలేకపోయాను. నడపొద్దని ఒక్క ముక్క చెప్పి ఉండవచ్చు కదా అని అడిగాను.

"పోయిందని చెప్పినంక ఎవరన్న బండి తీస్తరా వదినా?"

"మా ఇండ్లల్ల టెన్షన్ పోతే మనిషి మంచిగుంటడు భాయ్."

అతనికి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక నా వైపు చూడలేదు. మా ఆయన మాత్రం స్టూలు మీద కూర్చుని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. ఆ నవ్వుకు నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా, షెడ్డులో, అందరి ముందరే.

ఇక బస్సు ప్రయాణాలు. ఆడవాళ్లకు బస్సుల్లో టికెట్ తీసేసిన కొత్త రోజులవి. నాకు ఉచితం, ఆయనకు టికెట్. కాలు పెట్టే సందుండేది కాదు. నేను ముందు దూరి, మోచేతులతో దారి చేసుకుని ఒక సీటు పట్టి, ఆయనను కూర్చోబెట్టేదాన్ని. జీవితంలో ఎన్నడూ అనని మాటలు ఆ బస్సుల్లో అన్నాను. ఒకసారి వచ్చేటప్పుడు, చేతికి సూదులు గుచ్చిన చోట కట్టుతో ఆయన కూర్చుని ఉంటే, గంప పట్టుకున్న ఒకామె ఇది ఆడోళ్ల సీటు, మగోడివి నీకేం రోగం అంది. నేను ఒంటికాలి మీద లేచాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపి, తనే లేచి నిలబడ్డాడు. పై కడ్డీని మంచి చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకుని, కొత్తకోట దాకా అట్లాగే నిలబడ్డాడు. దిగాక అడిగాను, రోగమని చెబితే ఏం పోయేదని.

"రోగాన్ని చూపిచ్చి సీటు అడుక్కోవాల్నానే?" అన్నాడు.

ఆ తర్వాత నుంచి ఆయన ఒక్కోరోజు రానని మొదలుపెట్టాడు. మొదట ఎండ ఎక్కువుందని. తర్వాత నడుము నొప్పని. వారానికి రెండుసార్లు పోవలసింది ఒకసారే అయింది. కాళ్లు ఉబ్బాయి. రాత్రి పడుకుంటే ఆయాసం. నేను తిట్టాను, అలిగాను, అన్నం మానేశాను, బతిమాలాను. ఏవీ చెవిన పెట్టలేదు. బండి బాగుకానీ, పోదాం అనేవాడు. దాంతో నా ప్రాణమంతా ఆ షెడ్డులో విప్పి పెట్టిన ఇంజను మీదికి పోయింది. బండి లేస్తే ఆయన లేస్తాడు. నాకు ఇంకో లెక్క తెలియదు. బడి వదలగానే షెడ్డుకు పోయి ఈ రోజు ఏం జరిగిందని అడిగేదాన్ని. ఏమీ జరగని రోజులే ఎక్కువ. ఇంజను తలకాయ పాలమూరులో వాల్వులు వేసే చోట పడి ఉందనేవాడు భాయ్. పాత మోడల్ కాబట్టి సామాను హైదరాబాదులో కూడా వెంటనే దొరకడం లేదనేవాడు. ఎండాకాలం సెలవులన్నీ అట్లాగే గడిచిపోయాయి.

చివరికి సామాను వచ్చింది. గొలుసు ఇంకా ఫర్వాలేదు, టెన్షనర్ ఒక్కటి మారుస్తే నడుస్తుందని భాయ్ అన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. గొలుసు కొత్తది వెయ్యాలి, దాన్ని ఒరుసుకుని ఉండే పట్టీలు కొత్తవి వెయ్యాలి, టెన్షనర్ అసలుది కావాలి, నకిలీది వద్దు అని పట్టుబట్టాడు. ఉబ్బిన కాళ్లతో ఆటో ఎక్కి షెడ్డుకు పోయి స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పళ్ల చక్రాల మీద గుర్తులు సరిగ్గా ఎదురెదురుగా వచ్చాయా లేదా అని వంగి చూశాడు. ఒకటి రవ్వంత పక్కకుంటే మళ్లీ విప్పించాడు. భాయ్ విసుక్కున్నా విడవలేదు. ఖర్చు సంగతి నేను ఎత్తలేదు. ఆయన అట్లా పంతం పట్టడం చూసి నాకు లోపల ఎక్కడో దీపం వెలిగింది. బతకాలన్న కోరిక లేనివాడు చక్రం మీద గుర్తు కోసం ఇంత రగడ పెట్టుకుంటాడా అనుకున్నాను. ఆ మాట నాకు నేనే పదిసార్లు చెప్పుకున్నాను. గుడికి పోని దాన్ని, ఆ వారం గుడికి కూడా పోయాను.

కొత్త టెన్షనర్ లోపలి కడ్డీని ఒక చిన్న పిన్నుతో నొక్కి పట్టి ఉంచుతారు. గొలుసు ఎక్కించి, టెన్షనర్ బిగించాక పిన్ను లాగేస్తే, కడ్డీ టక్కున ముందుకొచ్చి గొలుసు బిగుసుకుంటుంది. ఆ పిన్ను తను లాగుతానని మా ఆయన అడిగాడు. వంగి లాగాడు. వదులుగా వేలాడుతున్న గొలుసు ఒక్కసారిగా సర్దుకుంది. ఆయన వేలితో దాన్ని నొక్కి చూసి, తల ఊపాడు. మూత బిగించడానికి ముందు ఇంజనును చేత్తో తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకున్నారు. సాయంత్రానికి బండి లేచింది. ఇంటికి నేనే నడుపుకుంటూ వచ్చాను. పక్క సీట్లో కూర్చుని ఆయన ఒక్కసారి కూడా తిట్టలేదు, గేరు తప్పినా.

మరుసటి రోజు దవాఖానకు పోయే రోజు. అంతకుముందు ఒకసారి మానేశాడు కాబట్టి ఇక ఆలస్యం చేయకూడదు. ఆయన నాకంటే ముందే లేచాడు. స్నానం చేశాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఎన్నాళ్లకో ఆయన అట్లా తనంతట తాను తయారవడం చూసి, నేనూ గబగబా తయారయ్యాను. రిపోర్టులూ దుప్పటీ సంచిలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేసరికి వాకిట్లో కొత్త మనిషి ఒకాయన నిలబడి ఉన్నాడు. వనపర్తి దిక్కు నుంచి వచ్చానన్నాడు. పక్కన భాయ్, తల వంచుకుని.

మా ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని ఆ వచ్చినాయనతో అంటున్నాడు, ఇంజను చల్లగున్నప్పుడే రమ్మన్నది ఇందుకేనని, ఏ చప్పుడున్నా ఇప్పుడే బయటపడుతుందని. తాళం తిప్పాడు. బండి ఒక్క గలగల లేకుండా లేచింది. వచ్చినాయన బానెట్ ఎత్తి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. గొలుసు కొత్తది, పట్టీలు కొత్తవి, టెన్షనర్ అసలుది, నేనే దగ్గరుండి చేయించిన అని ఒక్కొక్కటీ చెబుతున్నాడు. చీరల మూటలు దించి వచ్చినప్పటి గొంతు అది, అంతే ఉషారు. నేను సంచి పట్టుకుని గడపలోనే ఉండిపోయాను.

బేరం అయిపోయింది. ముందే అయిపోయి ఉందని నాకు అప్పుడు తెలిసింది. తాళం వాళ్లకిచ్చి, బండి వీధి మలుపు తిరిగాక, ఆయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"నిన్ను దవాఖానకు తీస్కపోనీకి చేపిచ్చిన బండి అది" అన్నాను. "అమ్మనీకి కాదు."

"ఎర్కనే" అన్నాడు. "నడిచే బండి ఇంట్ల ఉన్నన్ని రోజులు నువ్వు తీస్కపోతనే ఉంటవు. నేను కాదన్లేను. నాతోని గాదు ఇగ."

నేను అరిచాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయలేను. భర్తను ఎవరూ అనకూడని మాటలు అన్నాను. ఒక్కదాన్ని చేసి పోదామనుకున్నావా అన్నాను. ఇప్పుడే పోయి బస్సు పట్టుకుందాం, లే, నడువు అని చెయ్యి పట్టి గుంజాను. ఆయన గుంజించుకున్నాడు, కానీ అడుగు వేయలేదు. ఆయన అరవనూ లేదు. సంచి బరువుంటది, కింద పెట్టు అన్నాడు.

నేను పెట్టలేదు. హైవే మీద పాలమూరు బస్సు ఆగి, హారన్ కొట్టి, పోయింది. ఆయన లోపలికి నడిచి, తెల్ల చొక్కా విప్పి, మడత నలగకుండా కొయ్యకు తగిలించి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.